పాత ఐ5 డెస్క్‌టాప్‌లో వర్చువల్ మెషిన్ పెట్టి విండోస్ 11 నడపడం: ఎక్కడ నడుస్తది, ఎక్కడ ఆగుతది

[తెర మీద: విండోస్ 11 సెటప్. ఈ పీసీలో విండోస్ 11 నడవదని చెప్పే మెసేజ్.]

నమస్తే. ఈ మెసేజ్ చూసి మంచి కంప్యూటర్‌ను పాత సామానుకు వేసే ముందు ఈ వీడియో పూర్తిగా చూడండి.

మిర్యాలగూడ రైసు మిల్లు ఆఫీసు కావచ్చు, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపు కావచ్చు, జడ్చర్లలో ఆడిటర్ దగ్గర కావచ్చు, టేబుల్ కింద ఇప్పటికీ కనిపించేది హెచ్61 లేదా హెచ్81 బోర్డు, దాని మీద మూడో తరం, నాలుగో తరం ఐ3, ఐ5. టాలీకి, జీఎస్టీ రిటర్న్‌లకు, ప్రింట్లకు ఆ మెషిన్ ఇంకా సరిపోతది. కానీ విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 లిస్టులో ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచే ఉన్నయి. పైగా టీపీఎం 2.0 (తాళాలను భద్రంగా దాచే చిప్) ఉండాలి, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మెషిన్ మొదలయ్యేలా చూసేది) ఉండాలి అంటది. మన హెచ్61 బోర్డులో టీపీఎం 2.0 ఎక్కడిది?

మనం చేసేది ఇది. అసలు మెషిన్ మీద లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తం. ఇంటర్నెట్, బ్యాంకు పని, మెయిల్ అన్నీ అందులోనే. టాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ కోసం మాత్రం వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్, పెట్టి అందులో విండోస్ 11 వేస్తం. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నయి కాబట్టి బయటి మెషిన్ భద్రంగా ఉంటది.

ఒక మాట ముందే తెల్వాలె. వర్చువల్ మెషిన్ టీపీఎంను సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసి ఇస్తది. సెక్యూర్ బూట్ ఉన్న యూఈఎఫ్ఐని (మెషిన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) కూడా ఇస్తది. ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, డిస్కు వేగాన్ని మాత్రం ఇయ్యలేదు. అవి మీ డబ్బాలో ఎట్ల ఉంటే లోపల కూడా అట్లనే ఉంటయి. అందుకే సెటప్ అడిగే లిస్టును పక్కన పెట్టి, ముందు ఈ మూడూ చూద్దాం.

[తెర మీద: సీపీయూ-జెడ్ విండో. ఇన్‌స్ట్రక్షన్స్ అనే లైన్ చుట్టూ ఎర్ర గీత.]

ప్రాసెసర్. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కు ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్లు కచ్చితంగా కావాలె. కోర్ 2 డ్యుయోలో ఇవి లేవు. ఏఎండీ ఫీనమ్ 2లో పాప్‌కౌంట్ ఉంది గానీ ఎస్‌ఎస్‌ఈ4.2 లేదు. ఆ మెషిన్లలో వర్చువల్‌బాక్స్ ఎన్ని సెట్టింగులు మార్చినా లోపలి విండోస్ బూట్ కాదు, ఎందుకంటే అది మీ ప్రాసెసర్‌నే నేరుగా వాడుకుంటది, లేని ఇన్‌స్ట్రక్షన్‌ను పుట్టించదు. ఐ3, ఐ5, ఐ7 మొదటి తరం నుంచీ ఈ రెండూ ఉన్నయి. ఇప్పుడు నడుస్తున్న విండోస్ 10లోనే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి ఈ లైన్‌లో ఎస్‌ఎస్‌ఈ4.2 ఉందో లేదో చూసుకోండి.

ర్యామ్. విండోస్ 11 అడిగేది 4 జీబీ. బయట మింట్‌కు, బ్రౌజర్‌కు ఇంకో 4. అంటే మొత్తం 8 జీబీ ఉంటేనే మొదలుపెట్టండి. 4 జీబీ మెషిన్‌లో ఈ పని వద్దు, గట్టిగానే చెప్తున్నం. హెచ్61 బోర్డుకు రెండు స్లాట్లు, ఒక్కో దాంట్లో 8 జీబీ డీడీఆర్3 వరకు పడతది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 కొంటే, బోర్డులో వేసి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) ఒక రాత్రంతా నడిపించి చూడండి. చెడిన ర్యామ్ స్టిక్ ఉంటే వర్చువల్ మెషిన్ లోపల బ్లూ స్క్రీన్లు వస్తయి, తప్పు విండోస్‌దని మోసపోతరు.

డిస్కు. పాత హార్డ్ డిస్కు మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి చదువుతుంటే డెస్క్‌టాప్ వచ్చేసరికి ఓపిక అయిపోతది. 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాల్సిందే. ఉన్న డబ్బు ఒక్క దాని మీదే పెట్టగలం అంటే, 8 జీబీ ర్యామ్ ఉన్నోళ్లు ఎస్‌ఎస్‌డీయే కొనండి.

[తెర మీద: బయాస్ స్క్రీన్. అడ్వాన్స్‌డ్ మెనూలో సీపీయూ కాన్ఫిగరేషన్.]

ఇప్పుడు బయాస్, అంటే కంప్యూటర్ ఆన్ కాంగనే తెరిచే బోర్డు సెట్టింగులు. ఇంటెల్ బోర్డులో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని ఉంటది, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్. కొన్ని బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ కింద, కొన్నిట్లో సెక్యూరిటీ కింద. ఎనేబుల్ చేసి, సేవ్ చేసి, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి.

ఇక్కడ చాలామందికి అర్థం కాని తిప్పలు ఒకటుంది. నిన్న మంచిగ నడిచిన వర్చువల్ మెషిన్ పొద్దున షాపు తెరవంగనే వీటీ-ఎక్స్ (అదే ఇంటెల్ వర్చువలైజేషన్) డిజేబుల్ అయిందని చెప్తది. మూల కారణం బోర్డు మీది సీఆర్2032 గుండ్రటి బ్యాటరీ. రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తరు. బ్యాటరీ ఖతమైతే బయాస్ సెట్టింగులు పోయి ఫ్యాక్టరీవి వస్తయి, వాటిలో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంటది. గుర్తు పట్టడం సులభం: తేదీ కూడా ఎప్పుడో పాత సంవత్సరానికి పోయి ఉంటది, వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పని గోల చేస్తయి. బ్యాటరీ మార్చి, వర్చువలైజేషన్ మళ్లీ ఆన్ చేయండి, అయిపాయె.

మింట్‌లో ఇంకో అడ్డంకి. లినక్స్ కెర్నల్ (దాని అసలు గుండె) 6.12 నుంచి, కేవీఎం అనే లినక్స్ సొంత వర్చువలైజేషన్ మాడ్యూల్ లోడ్ కాంగనే వీటీ-ఎక్స్‌ను తన చేతిలోకి తీసుకుంటది. అప్పుడు వర్చువల్‌బాక్స్ వీఎంఎక్స్ రూట్ మోడ్ అనే ఎర్రర్ చూపించొచ్చు. కేవీఎం వాడనోళ్లు ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టి రీస్టార్ట్ చేస్తే సరిపోతది. కమాండ్ తెర మీద ఉంది, వీడియో ఆపి ఉన్నదున్నట్టు టైప్ చేయండి.

[తెర మీద: వర్చువల్‌బాక్స్ 7లో కొత్త మెషిన్ విజార్డ్.]

వర్చువల్‌బాక్స్ 7 లేదా ఆ తర్వాతిదే తీసుకోండి, టీపీఎం, సెక్యూర్ బూట్ వచ్చింది 7.0లోనే. విండోస్ 11 ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టలేషన్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన, లోపల ఏం కలిపారో తెల్వని ఐఎస్ఓ మీద కంపెనీ లెక్కలు పెట్టొద్దు.

విజార్డ్‌లో వెర్షన్ విండోస్ 11 64 బిట్ అనే ఉండాలె. విండోస్ 10 అని ఎంచుకుంటే టీపీఎం రాదు, మొదట్లో చూసిన మెసేజే మళ్లీ వస్తది. అనటెండెడ్ ఇన్‌స్టలేషన్ (తనంతట జరిగే ఇన్‌స్టలేషన్) టిక్ తీసేయండి. ర్యామ్ 4096 ఎంబీ, అంతకు తక్కువ ఉంటే సెటప్ ఒప్పుకోకపోవచ్చు. ప్రాసెసర్లు 2. నాలుగు కోర్ల ఐ5 అయితే రెండు లోపలికి, రెండు బయటికి. రెండే కోర్లున్న ఐ3లో కూడా 2 ఇయ్యాల్సిందే, కాకపోతే విండోస్ అప్‌డేట్ జరుగుతున్నప్పుడు బయటి మింట్ కూడా నెమ్మదిస్తది. డిస్కు 64 జీబీ, డైనమిక్. స్టోరేజ్ సెట్టింగుల్లో డిస్కు పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని టిక్ పెట్టండి.

మెషిన్ తయారైనాక సిస్టమ్ సెట్టింగుల్లో మూడు చూడండి: ఈఎఫ్ఐ ఆన్, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఆన్. డిస్‌ప్లేలో వీడియో మెమరీ 128 ఎంబీ.

[తెర మీద: నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల్లో ఒక లైన్.]

స్టార్ట్ నొక్కంగనే ఈ లైన్ కొన్ని సెకన్లే ఉంటది. సీడీ నుంచి బూట్ కావాలంటే ఏదైనా కీ నొక్కమని. చాలామంది చూస్తూ కూర్చుంటరు, అది దాటిపోయి నెట్‌వర్క్ బూట్‌కో, ఈఎఫ్ఐ షెల్‌కో పోతది. ఐఎస్ఓ పాడైందని మళ్లీ డౌన్‌లోడ్ పెట్టకండి. మెషిన్ మెనూలో రీసెట్ కొట్టి, మౌస్‌తో ఆ విండో లోపల ఒకసారి క్లిక్ చేసి, లైన్ కనిపించంగనే స్పేస్ నొక్కండి.

విండోస్ వచ్చినాక డివైసెస్ మెనూ నుంచి గెస్ట్ అడిషన్స్ వేసుకోండి. స్క్రీన్ సైజు, మౌస్ అప్పుడు సర్దుకుంటయి. 3డీ యాక్సిలరేషన్ ఆన్ చేస్తే పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద స్క్రీన్ మిణుకుమంటే వెంటనే ఆఫ్ చేయండి. లోపల యానిమేషన్లు, ట్రాన్స్‌పరెన్సీ కూడా ఆపేయండి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ప్రింటర్ లాంటివి యూఎస్‌బీ ఫిల్టర్లలో చేర్చాలె. లిస్టు ఖాళీగా కనిపిస్తే, మింట్‌లోని మీ యూజర్ వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో లేనట్టు. చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రండి. ఇంకో సంగతి: వర్చువల్‌బాక్స్‌కు అదనంగా వేసే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వ్యాపారానికి ఉచితం కాదు, దానికి వేరే లైసెన్సు. 7.0 నుంచి యూఎస్‌బీ 2, 3 అసలు ప్యాకేజీలోనే ఉన్నయి కాబట్టి టోకెన్ కోసం అది అవసరమే లేదు. విండోస్‌కు మాత్రం లోపలి మెషిన్ కోసం విడిగా లైసెన్సు కొనాలె. డబ్బా మీది పాత ఓఈఎం (కంప్యూటర్‌తో పాటు వచ్చిన లైసెన్సు) స్టిక్కర్ దీనికి చెల్లదు.

అప్‌డేట్ల గురించి దాచేది లేదు. వర్చువల్ మెషిన్ అయినా కింద ఉన్న ప్రాసెసర్ లిస్టులో ఉండాలనేదే మైక్రోసాఫ్ట్ రూలు. ఐఎస్ఓతో ఇన్‌స్టాల్ అయితది, నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లూ వస్తయి, కానీ కంపెనీ హామీ లేదు. ఏటా వచ్చే కొత్త వెర్షన్ తనంతట రాకపోవచ్చు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల సపోర్టు. ఆ గడువు లోపల కొత్త ఐఎస్ఓ తెచ్చి మీరే అప్‌గ్రేడ్ చేసుకోవాలె. దానికి ముందు స్నాప్‌షాట్ (మెషిన్ అప్పుడు ఎట్ల ఉందో దాచి పెట్టేది) తీయండి, బాగుందని తేలినాక ఆ స్నాప్‌షాట్‌ను డిలీట్ చేయండి. అట్లనే వదిలేస్తే డిస్కు నిండుతది. బయటి ఎస్‌ఎస్‌డీలో జాగ లేకపోతే వర్చువల్ మెషిన్ మధ్యలోనే పాజ్ అయితది. భయపడొద్దు, జాగ ఖాళీ చేసి రెస్యూమ్ కొడితే అక్కడి నుంచే నడుస్తది.

[తెర మీద: స్టోరేజ్ సెట్టింగుల్లో యూజ్ హోస్ట్ ఐ/ఓ క్యాష్ టిక్ బాక్స్, ఖాళీగా.]

కరెంటు. వేగం కోసం ఈ టిక్ పెట్టమని చెప్పేటోళ్లు ఉంటరు. పెట్టకండి. లోపలి విండోస్ డిస్కు మీద రాసిన అనుకున్నది ఇంకా బయటి ర్యామ్‌లోనే ఉంటది, ఆ క్షణంలో కరెంటు పోతే టాలీ డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. యూపీఎస్ ఉన్నోళ్లు కరెంటు పోంగనే విండో మూసి సేవ్ ద మెషిన్ స్టేట్ ఎంచుకోండి. 4 జీబీ ర్యామ్ మొత్తం డిస్కు మీద రాయాలె, ఎస్‌ఎస్‌డీ మీద అది త్వరగానే అయితది, పాత హార్డ్ డిస్కు మీద యూపీఎస్ అంతసేపు ఆగుతదో లేదో చెప్పలేం.

మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలు. వర్చువల్ మెషిన్ ప్రాసెసర్‌ను రోజంతా పని చేయిస్తది, పదేళ్ల నాటి థర్మల్ పేస్టు ఎండి రాయిలా ఉంటది. మధ్యాహ్నం మాత్రమే నెమ్మదిస్తే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించకండి. ఫ్యాన్ తీసి దుమ్ము దులిపి, కొత్త పేస్టు వేయండి.

ఫోటోషాప్ భారీ ఫైళ్లు, ఆటోక్యాడ్ 3డీ, వీడియో ఎడిటింగ్ ఇందులో వద్దు. రోజంతా విండోస్‌లోనే ఉండేటోళ్లకు కూడా ఇది సుఖం కాదు, వాళ్లు సెకండ్ హ్యాండ్ ఎనిమిదో తరం మెషిన్ చూసుకోవడమే నయం. ఒకటి రెండు సాఫ్ట్‌వేర్ల కోసం విండోస్ కావాల్సినోళ్లకే ఇది.

బ్యాకప్ తీసేటప్పుడు వీడీఐ ఫైలు (లోపలి విండోస్ డిస్కు మొత్తం ఉండేది) ఒక్కటే కాపీ చేసుకోవద్దు. టీపీఎంలో దాచిన తాళాలు అదే ఫోల్డర్‌లోని ఎన్‌వీర్యామ్ ఫైలులో ఉంటయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట ఆన్ అయి ఉండొచ్చు. అప్పుడు వీడీఐని కొత్త మెషిన్‌కు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతది, అది లేకపోతే లోపలి డేటా తెరవడం కుదరదు. సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూసి, ఉంటే కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, మొత్తం ఫోల్డర్‌ను బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి.