కవచం ఎన్ని దెబ్బలు ఆపాలి? ఫోమ్ కత్తుల యుద్ధక్రీడల నియమాలపై సమీక్ష

నమస్కారం. ఫోమ్ చుట్టిన కత్తులు, డాళ్లు పట్టుకుని మైదానంలో నిజంగా పరుగెత్తుతూ ఆడే కాల్పనిక యుద్ధక్రీడల్లో కవచానికి పెట్టుకున్న నియమాలను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. విశాఖలో మా స్నేహితుల బృందం ఆదివారం ఉదయాల్లో భీమిలి దారిలోని ఒక ఖాళీ స్థలంలో ఈ ఆట ఆడుతోంది. వేరువేరు నియమావళులను చదివి, వాటిలో కొన్నింటిని చెమటోడ్చి ఆడి చూసిన తరువాతే ఈ అభిప్రాయాలకు వచ్చాను.

ఆట తెలియనివారి కోసం ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ క్రీడల్లో సాధారణంగా కత్తి చేతికి తగిలితే ఆ చెయ్యి పోయినట్టు, కాలికి తగిలితే ఆ కాలు పోయినట్టు, మొండేనికి తగిలితే ప్రాణం పోయినట్టు లెక్క. ఆ లెక్క రాసుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. దెబ్బ తిన్నవారే నిజాయితీగా ఒప్పుకోవాలి. అందుచేత కవచ నియమం బాగుందా లేదా అని తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. తొడుక్కున్నవారు పోరు మధ్యలో దానిని గుర్తు పెట్టుకోగలరా? కొడుతున్నవారు ఎదుటి మనిషిని చూడగానే దానిని పోల్చుకోగలరా?

మొదట సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం గురించి చెబుతాను. 1966లో అమెరికాలోని బర్కిలీలో మొదలైన ఈ సంస్థవారు ఫోమ్ కత్తులతో కాకుండా బెత్తంతో చేసిన ఆయుధాలతో పోరాడతారు. కర్రసాము చూసినవారికి బెత్తం దెబ్బ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల అక్కడ శిరస్త్రాణం మొదలుకొని కవచమంతా శరీరాన్ని కాపాడడానికే తప్పనిసరి. అయితే ఎవరు ఏది తొడుక్కున్నా, అందరూ గొలుసు కవచమే, అంటే చిన్న లోహపు రింగులను అల్లి చేసిన చొక్కానే, ధరించినట్టు ఊహించుకుని, ఆ కవచాన్ని దాటి గాయపరచగలిగేంత గట్టి దెబ్బను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఖరీదైన ఉక్కు కొన్నవారికీ, పాత తోలుతో సరిపెట్టుకున్నవారికీ లెక్క ఒక్కటే కావడం నాకు ఎంతో న్యాయంగా కనిపించింది. కానీ ఫోమ్ కత్తితో ఆడే మా వంటివారికి ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే మా ఆటలో అంత గట్టిగా కొట్టడం ఎవరికీ క్షేమం కాదు.

1977లో అమెరికాలోనే మొదలైన డాగోర్‌హిర్ అనే ఫోమ్ కత్తుల ఆట మరొక దారి పట్టింది. అక్కడ కవచం ఉన్న చోట ఒంటిచేతి ఆయుధంతో పడిన మొదటి దెబ్బను కవచం ఆపుతుంది, అదే చోట పడిన రెండో దెబ్బ శరీరానికి తగిలినట్టు లెక్క. ఆ ఒక్క దెబ్బను గుర్తు పెట్టుకోవడం ఎంత అలసిపోయినవారికైనా సాధ్యమే. చెయ్యి, కాలు, ఛాతీ వేటికవే లెక్క కాబట్టి, ఎక్కడ కప్పుకోవాలో ఎక్కడ వదిలేయాలో ఆలోచించే అవకాశం కూడా మిగులుతుంది.

అసలు చర్చంతా 1983లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో పుట్టిన ఆమ్ట్‌గార్డ్ అనే మరో ఫోమ్ కత్తుల ఆట దగ్గర ఉంది. ఇక్కడ కవచానికి పాయింట్లు, అంటే అది ఎన్ని దెబ్బలు ఆపుతుందో చెప్పే అంకెలు, ఉంటాయి. తోలుకు తక్కువ, లోహపు గొలుసుకు అంతకంటే ఎక్కువ, లోహపు పలకకు ఇంకా ఎక్కువ. శరీర భాగాన్ని బట్టి లెక్క మారుతుంది, ఆటగాడు ఎంచుకున్న పాత్ర ఎన్ని పాయింట్లు వాడుకోవచ్చో కూడా నియమమే చెబుతుంది. కష్టపడి చేసుకున్న కవచానికి తగిన ఫలితం దక్కడం ఇందులోని గొప్పతనం. అయితే ఛాతీకి మూడు, ఎడమ చేతికి రెండు, కుడి చేతికి ఏమీ లేదు అని మనసులో పెట్టుకుని, ఇద్దరు ఒకేసారి మీదపడినప్పుడు ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో లెక్కించడం నావల్ల కాలేదు. అబద్ధం చెప్పాలని ఎవరికీ లేకపోయినా మా బృందంలో తగువులు వచ్చింది ఈ పద్ధతి ఆడిన రోజుల్లోనే.

ఒక సంఘటన నన్ను చాలా ఆలోచింపజేసింది. మా తమ్ముడి వరసైన ఒక కుర్రాడు పౌరాణిక నాటకాల దుస్తులు అద్దెకిచ్చే చోటు నుంచి భుజకీర్తులతో సహా బంగారు రంగు కవచం తెచ్చుకున్నాడు. అది అట్ట మీద గుడ్డ అతికించి చేసినదే అయినా చూడడానికి నా తోలు కవచం కంటే ఎంతో ఘనంగా ఉంది. వస్తువును బట్టి చూసి మేము దానికి సున్నా ఇచ్చాము, అతని ముఖం చిన్నబోయింది. ఆ రోజు మేము తప్పు చేశామని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. పది అడుగుల దూరం నుంచి కవచంగా కనిపించేది ఏదైనా కనీసం ఒక్క దెబ్బ ఆపాలి, ఎందుకంటే ఈ ఆట నడిచేది ఎదుటివారి కంటి మీదే.

ఇక మన ఊరి సంగతి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప గొలుసు ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఇక్కడివారికి తెలిసినదే. అందుకని నేను అల్యూమినియం తీగను ఇనుప కడ్డీకి చుట్టి, కత్తిరించి, ఒక్కొక్క రింగునూ పట్టుకారుతో మూసి చొక్కాలా అల్లుకున్నాను. అదే కొలత ఇనుముతో పోలిస్తే ఇది మూడో వంతు బరువే కనుక మే నెల ఉక్కలో కూడా కొంతసేపు మోయగలిగాను. కానీ అతుకు వేయని రింగులు పోరులో విచ్చుకుంటాయి. ఒకసారి అలా విచ్చుకున్న కొన తగిలి స్నేహితుడి మణికట్టు మీద సన్నగా గీరుకుపోయింది. అప్పటినుంచి ఆటకు ముందు పాత నూలు తువ్వాలుతో చొక్కా అంతా తుడుస్తాను. దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ రింగు తెరుచుకున్నట్టే. పాయింట్లు ఎన్ని అనే చర్చ కంటే ముందు ఈ పరీక్ష జరగాలి. పదునైన అంచు దొరికితే ఆ కవచాన్ని, అది ఎంత ఖరీదైనదైనా, ఆ రోజు మైదానంలోకి రానివ్వకూడదు.

కొత్తగా బృందం కట్టేవారికి నా సలహా ఏమిటంటే, కనీసం ఆరు నెలలు కవచం ఒక్క దెబ్బ ఆపే నియమంతోనే ఆడండి. చేతులకు లెక్క అలవాటైన తరువాత పాయింట్లు పెట్టుకోండి, అప్పుడైనా ఏ భాగానికీ మూడు దాటనివ్వకండి. దెబ్బ కవచం మీద పడినప్పుడు ఆ మాట పైకి చెప్పడం ఇటువంటి ఆటల్లో వాడుకగా ఉంది. మేము దానిని తెలుగులోకి తెచ్చుకుని, దెబ్బ పడగానే గట్టిగా "కవచం" అంటాము. ఆ మాట వినగానే కొట్టినవారికి తమ దెబ్బ లెక్కలోకి వచ్చిందని తెలుస్తుంది, అదే చోట రెండో దెబ్బకు కత్తి ఎత్తుతారు.