కొత్త ల్యాప్‌టాప్‌లో అక్షరాలు ఎందుకు చిన్నవయ్యాయి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కంప్యూటర్ మార్చినప్పుడు తెర విషయంలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మొదటి ఫోన్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేస్తాను. ఇంతకాలం 1366×768 రిజల్యూషన్, అంటే తెరపై అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ వాడాను. ఇప్పుడు 2880×1800 ఉన్న 14 అంగుళాలది కొన్నాను. విండోస్‌లో అక్షరాలనూ బొమ్మలనూ పెద్దవి చేసి చూపే స్కేలింగ్ పాతదానిలో 100 శాతం, దీనిలో 200 శాతం ఉంది. అంత పెంచి ఉన్నా అక్షరాలు పాతవాటికన్నా చిన్నగానే కనిపిస్తున్నాయి. ప్రూఫులు దిద్దేసరికి కళ్లు లాగుతున్నాయి.

నిపుణురాలు: మీకు అనిపించింది నిజమేనమ్మా, అవి నిజంగానే చిన్నవి. తెరపై ఉండే ఆ చుక్కలనే పిక్సెళ్లు అంటారు; మీ పాత తెరపై అంగుళానికి అవి దాదాపు 100 ఉండేవి, కొత్తదానిపై సుమారు 243 ఉన్నాయి. అంటే పిక్సెళ్ల సాంద్రత దాదాపు రెండున్నర రెట్లు పెరిగితే స్కేలింగ్ రెండు రెట్లే పెరిగింది. అందుకే ప్రతి అక్షరమూ పాతదానికన్నా దాదాపు ఆరో వంతు చిన్నదైంది. స్కేలింగ్ శాతాన్ని తెర కొలతతోనూ రిజల్యూషన్‌తోనూ కలిపి చూడాలే తప్ప, విడిగా పోల్చి లాభం లేదు.

శ్రోత: అయితే రిజల్యూషన్ తగ్గించమంటారా?

నిపుణురాలు: వద్దమ్మా. తెరకు సహజంగా ఉన్న రిజల్యూషన్‌ను మారిస్తే అక్షరాల అంచులు మసకబారే ప్రమాదం ఉంది; మీరు డబ్బు పెట్టి కొన్న స్పష్టతే పోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి, స్కేల్‌ను 225 శాతం చేయండి. 250 పెడితే అక్షరాలు పాతవాటికన్నా కాస్త పెద్దవే అవుతాయి గానీ, పని చేసుకునే చోటు, అంటే రిజల్యూషన్‌ను స్కేలింగ్‌తో భాగిస్తే వచ్చేది, 1152×720కి కుదించుకుపోతుంది. 225లో అది 1280×800 ఉంటుంది కాబట్టి, వెడల్పు కొంత తగ్గినా, పేజీ నిడివి పాతదానికన్నా కాస్త ఎక్కువే కనిపిస్తుంది. తెలుగు ప్రూఫులు దిద్దేవారికి ఈ తెర నిజంగా మేలు చేస్తుందని నా నమ్మకం. పేజీని 100 శాతం జూమ్‌లో చూస్తే, 12 పాయింట్ల అక్షరానికి పాత తెరపై 16 పిక్సెళ్ల ఎత్తే దక్కేది. ‘లక్ష్మి’ అన్నప్పుడు షవత్తు, మవత్తు అందులోనే ఇరుక్కోవాలి. ఇప్పుడు 225 శాతంలో అదే అక్షరానికి 36 పిక్సెళ్లు ఉంటాయి, వత్తు విడిగా కనబడుతుంది.

శ్రోత: పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం మాత్రం మసకగా కనిపిస్తోందండీ.

నిపుణురాలు: అది ఇలాంటి తెరలు రాకముందు తయారైన ప్రోగ్రాం కావడంతో, దాని బొమ్మను విండోస్ సాగదీసి చూపిస్తోంది. ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, హై డీపీఐ సెట్టింగ్స్‌లోని ఓవర్‌రైడ్ గడిలో టిక్ పెట్టి, ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’ ఎంచుకుని చూడండి. అది పనిచేస్తే అక్షరాలు తేటపడతాయి, బొమ్మలు మాత్రం అలాగే ఉండవచ్చు. ‘అప్లికేషన్’ ఎంచుకుంటే మెనూలు చదవలేనంత చిన్నవైపోతాయి. ఈ మసక తెరకే పరిమితం. ప్రింటుకు గానీ పీడీఎఫ్‌కు గానీ అంటదు, కాబట్టి ప్రెస్సుకు పంపే పని ఆపవద్దు.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి మరో శ్రోత.

శ్రోత: మేడమ్, నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. 14 అంగుళాల్లోనే 1920×1200 తెర కొనాలా, 2880×1800 కొనాలా? పెద్ద రిజల్యూషన్‌లో కోడ్ ఎక్కువ వరుసలు కనిపిస్తుందనుకున్నాను.

నిపుణురాలు: రిజల్యూషన్‌ను స్కేలింగ్‌తో భాగించి చూడు బాబూ. 2880×1800 తెరపై 200 శాతం పెడితే మిగిలే చోటు 1440×900. 1920×1200 తెరపై 125 శాతం పెడితే 1536×960. చోటు మాత్రమే కావాలంటే 1920×1200 చాలు, పైగా పిక్సెళ్లు తక్కువ కాబట్టి సాధారణంగా బ్యాటరీ కూడా కాస్త ఎక్కువసేపు వస్తుంది. గంటల తరబడి చదివే పనికి అక్షరం తేటగా ఉండాలనుకుంటే 2880×1800 తీసుకో. కొనేముందు దుకాణంలో రెండింటి స్కేలింగూ నీకు చదవడానికి వీలుగా మార్చి, ఒకే ఫైలును రెండింటిపైనా తెరిచి చూడు.