2008 పల్సర్ 150 ముందు బ్రేకు: హోస్, ఆయిల్, ప్యాడ్లు మార్చాక ఎలా ఉంది?

అందరికీ నమస్కారం. ఇది మా నాన్నగారు కొన్న పల్సర్ 150, 2008 మోడల్, ఇప్పుడు రోజూ నేనే నడుపుతున్నా. ఇంజన్‌కి ఏ ఢోకా లేదు. ముందు బ్రేకు మీదే నమ్మకం పోయింది. లివర్ నొక్కితే మెత్తగా లోపలికి పోయి దాదాపు గ్రిప్‌కి తగిలేది, అప్పుడు గానీ పట్టేది కాదు.

మొన్న చలికాలంలో అరకు నుంచి వైజాగ్ వస్తున్నాం, వెనక మా తమ్ముడు. అనంతగిరి ఘాట్ దిగుతుంటే మలుపు మలుపుకీ బ్రేకు వాడక తప్పదు కదా, సగం దూరం దిగేసరికి లివర్ మొత్తం లాగినా బండి ముందుకే పోతోంది. ఎదురుగా బస్సు. గేర్లు దించి, వెనక బ్రేకు తొక్కి, మట్టి అంచున ఆపాను. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చిన మర్నాడే ముందు చక్రం దగ్గర కూర్చున్నా.

ముందు ఒక మాట. మనలో చాలామందికి బండి నేర్పేటప్పుడే "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్" అని చెప్తారు. నాకూ అలాగే చెప్పారు. కానీ బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనకది తేలికైపోతుంది, అందుకే గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పడేది ఒక్కసారిగా గుంజితే, లేదా ఇసుక మీదో తడి మీదో బండి వంచి ఉన్నప్పుడు లాగితే. ఇప్పుడు 125 సీసీ దాటిన కొత్త బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ అయిపోకుండా చూసేది) తప్పనిసరి, మన పాత బళ్లకి అది లేదు. అందుకని ఈ లివర్ మన వేలికి ఎంత స్పష్టంగా చెప్తే అంత మంచిది.

నా వీడియోల కింద కామెంట్లలో చాలామంది అడిగారు, పల్సర్ 220 పెద్ద డిస్క్ వేసేయొచ్చు కదా అన్నా అని. దీనికి ఉన్నది 240 ఎంఎం, దానిది 260. నేను వేయలేదు. డిస్క్ ఒక్కటి మారిస్తే కుదరదు, కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) బిగించే చోటు కుదరాలి, చక్రం కుదరాలి, కాలిపర్ పిస్టన్ పెద్దదైతే పైన లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ సరిపడా ఆయిల్ తోయాలి. పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర తలనొప్పి. అసలు కంపెనీ ఇచ్చిన 240 డిస్కే బాగా పనిచేస్తే ఈ బండికి చాలు. అది పనిచేయట్లేదు, ఎందుకో చూద్దాం.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. పాత హోస్ పైపు, లివర్ దగ్గర్నుంచి కాలిపర్ దాకా బ్రేక్ ఆయిల్ పోయేది దీంట్లోంచే. పైపు చివర బిగించే బాంజో బోల్టు దగ్గర వంపులో సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయా? తీయకముందు తమ్ముణ్ణి లివర్ గట్టిగా లాగమని నేను దీన్ని వేళ్లతో పట్టుకున్నా, లాగిన ప్రతిసారీ పైపు ఉబ్బడం వేలికి తెలిసింది. అంటే మన చెయ్యి బలం కొంత ప్యాడ్‌కి చేరకుండా రబ్బరు ఉబ్బడానికే పోతోంది. ఇక ఈ సీసాలో ఉన్నది దాంట్లోంచి తీసిన ఆయిల్. కొత్తది లేత పసుపు, ఇది డికాషన్ రంగు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, మాది సముద్రం పక్క ఊరు, ఏళ్ల తరబడి మార్చకపోతే చెప్పేదేముంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ లెక్క 155కి పడిపోతుంది. ఘాట్‌లో డిస్క్ కాలి ఆ వేడి ఆయిల్‌కి చేరితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, ఆయిల్ నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది, లివర్ గ్రిప్‌కి తగులుతుంది. అనంతగిరిలో నాకు జరిగింది అదే.

వేసినవి ఇవీ: స్టీల్ అల్లిక ఉన్న బ్రెయిడెడ్ హోస్, కొత్త డాట్ 4 ఆయిల్, సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు, కాలిపర్‌కి కొత్త సీళ్లు. మొత్తం నాలుగు వేల లోపే అయింది, పని నేనే చేసుకున్నా. హోస్ కొనేటప్పుడు పాతది పక్కన పెట్టి కొలవండి, హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పినా లాక్కుపోకూడదు, చక్రానికి రాసుకోకూడదు. బాంజో బోల్టుకి రెండు పక్కలా కాపర్ వాషర్లు కొత్తవే వేయండి, పాతవి మళ్లీ వేస్తే ఆయిల్ ఊరుతుంది. డాట్ 5 అని అమ్మేది సిలికాన్ ఆయిల్, దీంట్లో కలవదు, ముట్టుకోకండి.

విప్పాక ఇంకోటి బయటపడింది. లోపలి ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగింది, బయటిది సగం అలాగే ఉంది. కాలిపర్ జరిగే పిన్నులు ఎండిపోయి పట్టేశాయన్నమాట. శుభ్రం చేసి సిలికాన్ బ్రేక్ గ్రీజు రాశా, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. వంద రూపాయలు కూడా కాని ఈ పనిని మా ఊళ్లో నేను వెళ్లిన ఏ షాపులోనూ ఇన్నేళ్లలో చేయలేదు, అడిగితే ప్యాడ్లు మార్చి పంపించేవాళ్లు, నాకు నిజంగా బాధ అనిపించింది.

కొత్త ఆయిల్ పోశాక లోపల చిక్కిన గాలి తీయడం దగ్గర ఓపిక కావాలి. లివర్ నొక్కి పట్టుకోవాలి, కాలిపర్ మీద గాలి తీసే నిప్పుల్ వదులు చేయాలి, బుడగలు వచ్చాక బిగించాలి, అప్పుడే లివర్ వదలాలి. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటితే మళ్లీ మొదటికి వస్తుంది. ట్యాంకు మీద గుడ్డ కప్పండి, ఒక్క చుక్క పడినా పెయింట్ లేస్తుంది, పడితే వెంటనే నీళ్లు పోయండి. అంతా అయ్యాక రాత్రంతా లివర్‌ని గ్రిప్‌కి కట్టి ఉంచా, పొద్దునకి ఇంకాస్త గట్టిపడింది.

మరి ఎలా ఉంది? మొదటి రోజు గొప్పగా అనిపించదు, కంగారు పడకండి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాకా ఒక ఇరవై సార్లు మెల్లగా వేగం తగ్గిస్తే ప్యాడ్ డిస్క్‌కి సర్దుకుంటుంది. ఆ తర్వాత తేడా తెలిసింది. ఇప్పుడు లివర్ కొద్దిగా కదలగానే పడుతుంది, రెండు వేళ్లు చాలు, ఎంత నొక్కితే అంతే ఆగుతుంది. వానలో కూడా సింటర్డ్ ప్యాడ్లు బాగున్నాయి. నచ్చనిది ఒకటుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొంచెం కీచుమంటాయి, డిస్క్‌ని కూడా కాస్త ఎక్కువ తింటాయి. డిస్క్ మీద కనీస మందం ఎంతుండాలో చెక్కి ఉంటుంది, సర్వీస్ చేసినప్పుడల్లా కొలిపించండి. సిటీలోనే తిరిగేవాళ్లకి మామూలు కంపెనీ ప్యాడ్లు చాలు, హోసూ ఆయిలూ మాత్రం మార్చండి.

పోయిన ఆదివారం మళ్లీ అనంతగిరి దిగాం, తమ్ముడు వెనకే. కింద శృంగవరపుకోటలో టీకి ఆగినప్పుడు లివర్ నొక్కి చూశా, వైజాగ్‌లో బయల్దేరినప్పుడు ఎక్కడ పట్టిందో అక్కడే పట్టింది. ముందు టైరు మాత్రం గట్టిపడిపోయింది, వచ్చే వీడియోలో అది మారుస్తున్నా.