ఫౌండేషన్‌ను మూసి డాఫ్‌లోకి వెళ్లే ముందు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో అమెరికాలో దానధర్మాల కోసం సొంత ఫౌండేషన్ నడుపుతున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. కంపెనీ అమ్మిన ఏడాదో, స్టాక్ బాగా పెరిగిన ఏడాదో లాయరు చెబితే పెట్టినవి. అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో ఉంటాయి. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ట్రస్టీలుగా సంతకాలు పెట్టే తీరిక వాళ్లకు లేదు. ఫౌండేషన్ రిటర్న్‌కు గడువు మే 15 దగ్గరపడుతుంటే ఇంట్లో టెన్షన్. “అంతా తీసుకెళ్లి డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో వేసేస్తే ఈ గొడవ పోదా అండీ?” అని అడుగుతున్నారు. ఆ ఫండ్‌నే డాఫ్ అంటాం: ఒక చారిటీ దగ్గర ఖాతా తెరిచి డబ్బు వేస్తారు, ఎవరికి గ్రాంటు ఇవ్వాలో మీరు సూచిస్తారు. ఆ గొడవ పోతుంది. దాంతోపాటు ఇంకేం పోతుందో కూడా చూసుకుందాం.

అమెరికా ప్రభుత్వానికి ప్రైవేట్ ఫౌండేషన్ల మీద ఎప్పుడూ ఓ కన్ను ఉంటుంది. డబ్బున్న కుటుంబాలు దానం పేరు చెప్పి సొంత పనులు చక్కబెట్టుకుంటున్నాయన్న అనుమానంతో 1969 పన్ను చట్టంలో కట్టుదిట్టమైన నియమాలు పెట్టారు. ఏటా ఆస్తుల విలువలో సుమారు 5% దానధర్మాలకు పోవాలి. పెట్టుబడుల మీద వచ్చే ఆదాయానికి 1.39% పన్ను కట్టాలి. మీరు మీ ఫౌండేషన్‌కు స్థలం అమ్మకూడదు, మార్కెట్ ధరలో సగానికి ఇస్తానన్నా సరే. ఆపైన ఏటా వేసే రిటర్న్, ఫామ్ 990-పీఎఫ్. అది బహిరంగ పత్రం. ఎవరికెంత ఇచ్చారు, ఇంకా ఎంత మిగిలింది, ట్రస్టీలెవరు, అన్నీ ఆన్‌లైన్‌లో కనబడతాయి. ఎక్కడో దూరపు బంధువు చూసి “బాబాయ్, మీ ఫౌండేషన్‌లో ఇంత ఉందట కదా” అని వాట్సాప్ పెడితే ఆశ్చర్యపోకండి.

డాఫ్‌లో వీటిలో చాలావరకు ఉండవు. ఈ పద్ధతి 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్‌తో మొదలైందంటారు. 1991లో పెట్టుబడుల కంపెనీ ఫిడెలిటీ సొంతంగా చారిటీ పెట్టాక ఊపందుకుంది. డాఫ్ అంటే ఏమిటో చట్టంలో రాసింది మాత్రం 2006లోనే. మీ ఖాతాకు విడిగా రిటర్న్ లేదు, 1.39% పన్ను లేదు, పేరు చెప్పకుండా కూడా గ్రాంటు పంపొచ్చు. పెద్ద సంస్థల్లో నిర్వహణ రుసుము మామూలుగా మొదటి 5 లక్షల డాలర్ల మీద ఏడాదికి 0.60% ఉంటుంది, పెట్టుబడి ఫండ్ల ఖర్చులు దానికి అదనం. చిన్న ఫౌండేషన్‌కు అకౌంటెంటు బిల్లే ఇంతకన్నా ఎక్కువవుతుంది. ఒక్క మాట: ఫౌండేషన్‌లో వేసినప్పుడే పన్ను మినహాయింపు తీసుకున్నారు కాబట్టి, అక్కడి నుంచి డాఫ్‌కు మారిస్తే మళ్లీ రాదు.

ఇక అసలు సంగతి. డాఫ్‌లో వేసిన డబ్బు హుండీలో వేసిన డబ్బే. ఫలానా పనికి వాడండని మీరు చెప్పొచ్చు, వాళ్లు సాధారణంగా వింటారు కూడా. కానీ ఆస్తి వాళ్లది, చివరి మాట వాళ్లది. 2017 డిసెంబరు చివర్లో కాలిఫోర్నియా దంపతులు ఒక కంపెనీ షేర్లు భారీగా ఫిడెలిటీ చారిటబుల్‌కు ఇచ్చారు. సంస్థ వాటిని కొన్ని గంటల్లోనే అమ్మేసింది. నెమ్మదిగా అమ్ముతామని తమకు మాటిచ్చారని దంపతులు కోర్టుకెళ్లారు. 2021లో తీర్పు సంస్థకే అనుకూలంగా వచ్చింది. అంతకన్నా భయపడాల్సింది డాఫ్ ఖాతాలు నడిపిన నేషనల్ హెరిటేజ్ ఫౌండేషన్ వ్యవహారం. 2009లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వేలమంది దాతల ఖాతాల్లోని డబ్బు అప్పులవాళ్లకు పోయింది. ఫీజు ఎంతని అడిగే ముందు సంస్థ ఎలాంటిదో చూడమని నేను పోరేది ఇందుకే.

మన కుటుంబాలకు ఇంకో చిక్కుంది. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ ముందస్తు అనుమతి తీసుకుని మీ ఫౌండేషన్ ఊళ్లోని విద్యార్థులకు నేరుగా స్కాలర్‌షిప్పు ఇవ్వగలదు. డాఫ్ నుంచి వ్యక్తులకు డబ్బు పోదు. చెల్లెలు ఫౌండేషన్ పనులు చూస్తుంటే సమంజసమైన జీతం ఇవ్వొచ్చు, డాఫ్‌లో అదీ కుదరదు. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్న సంస్థకు పంపాలన్నా, డాఫ్ నడిపే సంస్థ విదేశీ గ్రాంట్లు చేస్తుందో లేదో ముందు కనుక్కోవాలి. అవతలి సంస్థకు భారత విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అలా అందుకున్న డబ్బును వాళ్లు మరో సంస్థకు ఇవ్వడానికి లేదు. కాబట్టి ఒక పెద్ద ఎన్జీవోకు పంపితే వాళ్లు మన ఊరి ట్రస్టుకు ఇస్తారులే అనే పాత దారి మూసుకుపోయింది.

పదేళ్లుగా మీ ఫౌండేషన్ అవే నాలుగు గుళ్లకు, ఆస్పత్రికి, యూనివర్సిటీకి చెక్కులు పంపుతుంటే, మారిపోండి. ఆ పనికి ఫౌండేషన్ అక్కర్లేదు. విద్యార్థులను మీరే ఎంచి చదివిస్తుంటే మాత్రం మూయకండి. కావాలంటే కొంత డాఫ్‌కు పంపి, మిగతాతో ఫౌండేషన్ నడపండి. చట్టం రెండింటినీ ఒప్పుకుంటుంది. అలా పంపింది ప్రస్తుత నియమాల ప్రకారం మీ 5% లెక్కలోకీ వస్తుంది. ఇది నాకు అంతగా నచ్చని వెసులుబాటు. డాఫ్ నుంచి ఏటా ఇంత ఇవ్వాలని చట్టం లేదు, డబ్బు అక్కడ ఎన్నేళ్లయినా కూర్చోగలదు. అందుకే నా క్లయింట్లకు, మారాక కూడా ఆ 5% కుటుంబ నియమంగా పెట్టుకోమంటాను. అందరూ వినరు.

ఫౌండేషన్‌ను పూర్తిగా మూసేవాళ్లకు అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 507 కీలకం. తప్పుగా మూస్తే ఫౌండేషన్ ఆస్తి మొత్తాన్నీ మింగగల పన్ను అందులో ఉంది. కనీసం 60 నెలలుగా వరుసగా పబ్లిక్ చారిటీగా (ప్రైవేట్ ఫౌండేషన్ కాని చారిటీగా) ఉన్న సంస్థకు, ఏ షరతూ పెట్టకుండా, నికర ఆస్తులన్నీ ఇచ్చేస్తే ఆ పన్ను పడదు. నిన్న మొన్న పుట్టిన డాఫ్ సంస్థ జోలికి పోవద్దనేది ఇందుకు కూడా. బాకీలు, రాతపూర్వకంగా ఒప్పుకున్న విరాళాలు ముందే తీర్చండి. రాష్ట్ర అటార్నీ జనరల్‌ను మరిచిపోవద్దు. కాలిఫోర్నియాలో ఆస్తులన్నీ బదిలీ చేసే ముందు 20 రోజుల నోటీసు ఇవ్వాలి, న్యూయార్క్‌లో రద్దుకు అనుమతే కావాలి. ఆఖరి 990-పీఎఫ్ వేశాకే పని ముగిసినట్టు.

ఈ సంవత్సరమే చేద్దామనుకుంటే అక్టోబరులోనే కాగితాలు మొదలుపెట్టండి. డిసెంబరు చివరి వారంలో ఏ డాఫ్ సంస్థ ఫోనూ తేలిగ్గా దొరకదు. ఇక మీ ప్రశ్నలు అడగండి. సొంత ఫౌండేషన్ లెక్కలు మాత్రం మైకులో చెప్పొద్దు, బయట టీ దగ్గర మాట్లాడుకుందాం.