నేల విడిచి సాము: గ్రాఫిక్స్ ఎందుకు తేలిపోతాయి

అందరికీ నమస్కారం.

పెద్ద సినిమా మొదటాట వదిలాక థియేటర్ మెట్ల మీద తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "గ్రాఫిక్స్ తేలిపోయాయిరా!" అనేవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, అది ఉత్త తిట్టు కాదు, జబ్బు పేరు. తెర మీద బొమ్మ నిజంగానే తేలుతుంటుంది. పాదం నేలకు ఆనదు. నేల విడిచి సాము చేయడం అంటారే, అక్షరాలా అదే. ఇవాళ చెప్పేదంతా ఆ పాదం గురించీ, అది ఎందుకు ఆనలేదన్నదాని గురించీ. కలెక్షన్ల సంగతి తెలుసుకుందామని వచ్చినవాళ్లెవరైనా ఉంటే టీ బండి గేటు బయటే ఉంది, ఇప్పుడే వెళ్లొచ్చు.

ముందు బరువు సంగతి. పైనుంచి జారవిడిచిన వస్తువు మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది. రెండు సెకన్లు పూర్తయ్యేసరికి 20 మీటర్లు దిగుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. అంటే 20 మీటర్ల బురుజు మీంచి దూకిన రాక్షసుడు నేల తాకడానికి 48 ఫ్రేములు పట్టాలి. ఎడిటింగ్ టేబుల్ దగ్గర "ల్యాగ్ అవుతోంది, ఊపు రావాలి" అని దాన్ని 20 ఫ్రేములకు కుదించారనుకోండి. 20 ఫ్రేముల్లో నిజంగా పడగలిగే దూరం మూడున్నర మీటర్లు. వాడి ఒంటిమీద వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేలా చెక్కినా సరే, మన కన్ను మాత్రం మేడ మీంచి దూకిన మామూలు మనిషినే చూస్తుంది. పసితనం నుంచీ వస్తువులు పడటం చూస్తూనే ఉన్నాం, ఈ లెక్కలో కన్ను మోసపోదు.

మినియేచర్లతో, అంటే చిన్న నమూనాలు కట్టి తీసే రోజుల్లో ఈ గణితం కెమెరామన్‌కు నోటికొచ్చి ఉండేది. పదహారో వంతు సైజులో కట్టిన కోట కూలాలంటే 16కు వర్గమూలం 4, కాబట్టి కెమెరాను నాలుగింతల వేగంతో, సెకనుకు 96 ఫ్రేముల్లో తిప్పాలి. తిప్పకపోతే అట్టపెట్టె పడినట్టే ఉంటుంది. కంప్యూటర్ వచ్చాక ఆ అడ్డు పోయింది. ఎంత వేగంగా పడమంటే అంత వేగంగా పడుతుంది, తప్పని చెప్పదు.

ఇక పాదం. మామూలు నడకలో ఒక్కో అడుగు దాదాపు 12 ఫ్రేములు. ఆనిన పాదం లేచేవరకూ ఒక్క పిక్సెల్ జారినా మంచు మీద నడిచినట్టుంటుంది. జారడానికి కారణం చాలాసార్లు యానిమేషన్ కాదు, మ్యాచ్‌మూవ్. అంటే షూటింగ్‌లో కెమెరా ఎలా కదిలిందో కంప్యూటర్లో మళ్లీ కట్టడం. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లదో, కెమెరా ఎంత ఎత్తులో, ఎంత వంపులో ఉందో సెట్లో ఎవరూ రాయకపోతే ఇక్కడ అంచనాతో కట్టాలి. అంచనా కొంచెం తప్పితే నేల ఒకలా, నేల మీద బొమ్మ ఇంకోలా కదులుతాయి. దీనికి తోడు పాదం కింద సన్నని చీకటి గీత ఉండాలి. మడమ ఆనిన చోట నల్లగా, బయటికి పోయే కొద్దీ పలచగా. ఇక్కడ నా చెప్పు కింద చూడండి, ఉంది. అది లేని బొమ్మ గోడకంటించిన స్టిక్కరే.

వెలుతురు దగ్గర ఇంకా పెద్ద గొడవ. గ్రీన్‌మ్యాట్, అంటే వెనక వేరే దృశ్యం అతికించడానికి కట్టే ఆకుపచ్చ తెర ముందు హీరోను నిలబెట్టి, ఎందుకైనా మంచిదని పైనుంచి మెత్తటి లైటు సమంగా పోస్తారు. వెనకాల ఏముంటుందో అప్పటికింకా ఎవరికీ తెలియదు. ఎనిమిది నెలల తర్వాత అక్కడికి సూర్యాస్తమయం వచ్చి చేరుతుంది. వెనక ఎర్రటి ఎండ, మొహం మీద ట్యూబ్‌లైటు వెలుగు. ఈ రెంటినీ ఒక్క బొమ్మగా కలిపే, కంపోజిటింగ్ చేసే కుర్రాడు రంగు మార్చగలడు, కాంట్రాస్ట్ పెంచగలడు. ముక్కు నీడ ఎటు పడాలన్నది మాత్రం అతని చేతిలో ఉండదు.

మ్యాట్‌కూ మనిషికీ మధ్య పది పదిహేను అడుగుల ఎడం ఉంచాలి. ఫ్లోర్‌లో చోటు లేదని నాలుగడుగుల్లో నిలబెడితే ఆకుపచ్చ వెలుగు చెవుల అంచులకూ, జుట్టుకూ, మెరిసే కవచానికీ అంటుకుంటుంది. దాన్ని తీసేసేటప్పుడు చర్మం రంగులో సహజంగా ఉండే ఆకుపచ్చ వాటా కూడా పోయి మొహం గులాబీకో బూడిదకో తిరుగుతుంది. పాయలు పాయలుగా ఉన్న జుట్టు కత్తెరతో కత్తిరించినట్టవుతుంది. మనం "అతికించినట్టుంది" అనేది దీన్నే.

నివారణ కష్టమేమీ కాదు. షాట్ ఓకే అన్నాక మూడు నిమిషాలు చాలు. నటులు పక్కకు తప్పుకున్నాక ఖాళీ ప్లేట్ ఒకటి, అంటే మనుషుల్లేకుండా అదే షాట్, తీయాలి. హీరో నిలబడిన చోటే బూడిద రంగు బంతి, తర్వాత అద్దంలా మెరిసే క్రోమ్ బంతి కొన్ని సెకన్లు పట్టుకోవాలి. బూడిద బంతి నీడ ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, క్రోమ్ బంతి ఏ లైటు ఏ మూల ఉందో చూపిస్తుంది. అక్కడే నిలబడి చుట్టూ ఫొటోలు, ఒక్కో దిక్కుకు ఐదారు ఎక్స్‌పోజర్లలో, అంటే వెలుతురు ఎక్కువ తక్కువలతో, తీయాలి. అంతే. ఆ మూడు నిమిషాలే దొరకవు. కాల్షీట్ అయిపోతోందని అసోసియేట్ కేకేస్తాడు, క్రేన్ తర్వాతి షాట్‌కు కదిలిపోతుంది. "పోస్ట్‌లో చూసుకుందాం లే" అనే మాట పుడుతుంది. సెట్లో అంతకంటే ఖరీదైన మాట ఇంకోటి లేదు.

ఆ పోస్ట్‌లో ఏం జరుగుతుందో చూద్దాం. ఐదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. ఫ్రేము రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ లెక్కలు కట్టి చివరి బొమ్మ గీయడానికి, 4 గంటలనుకుంటే మొత్తం 480 గంటలు. ఒక్క మెషీన్ మీద 20 రోజులు, 20 మెషీన్లు పెడితే ఒక రోజు. ఆ రోజు సాయంత్రం డైరెక్టర్ గారు చూసి "ఏనుగును కాస్త ఎడమకు జరపండి" అంటారు. ఏనుగుతో పాటు నీడ జరగాలి, దుమ్ము మళ్లీ లేవాలి, పక్కనున్న సైనికుడి మీద పడే వెలుగు మారాలి. ఇంకో రోజు పోయింది. ఇలాంటి షాట్లు రెండు వేలుంటే, సంక్రాంతికి విడుదలని పోస్టర్ ముందే పడిపోతే, పనిని పది కంపెనీలకు పంచడం తప్ప దారుండదు. అందుకే ఒకే రాక్షసుడి చర్మం ఇంటర్వెల్ ముందు తడిగా, తర్వాత ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. చివరి నెలలో షాట్ల మీద ఒక ముద్ర పడుతుంది: సీబీబీ. ఇంకా బాగుండొచ్చు, తీరిక దొరికితే చూద్దాం అని దాని అర్థం. తీరిక దొరకదు, షాట్ అలాగే మీ ముందుకొస్తుంది.

మరి టీజర్ ఎందుకంత బాగుంటుందంటారా? అందులో షాట్ ఒక్క సెకను నిలుస్తుంది. చేతిలో ఆరంగుళాల తెర, పైన దద్దరిల్లే బీజీఎం. అదే షాట్ సినిమాలో ఆరు సెకన్లు, అరవై అడుగుల తెర మీద ఉంటుంది. పైగా ఉన్న మంచి పనివాళ్లందరినీ ఆ నిమిషంన్నర మీదే కూర్చోబెడతారు. మిగతా రెండున్నర గంటలకు మిగిలేది అలసట.

టీజర్‌లోనే దొరికిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 'ఆదిపురుష్' టీజర్ 2022 అక్టోబరు 2న అయోధ్యలో వదిలారు. బొమ్మలు బాగాలేవని గోల రేగింది. 2023 జనవరి 12న రావాల్సిన సినిమాను జూన్ 16కు జరిపారు. ఐదు నెలలు ఎక్కువ పెట్టినా, విడుదలయ్యాక అవే ఫిర్యాదులు. హాలీవుడ్‌లో 'సోనిక్ ద హెడ్జ్‌హాగ్' ట్రైలర్‌కు 2019 ఏప్రిల్‌లో అదే గతి పట్టింది. వాళ్లు నవంబరు 8 నుంచి 2020 ఫిబ్రవరి 14కు, మూడు నెలలే జరిపి గండం గట్టెక్కారు. తేడా డబ్బులో కాదు. సోనిక్‌లో చెడింది ఒక్క పాత్ర రూపం. కళ్లు, పళ్లు, కాళ్లు మార్చి, కెమెరాతో తీసిన షాట్లలోనే కొత్త బొమ్మను నిలబెట్టారు. నేల, ఎండ, ఎదురుగా ఉన్న మనుషులు, అన్నీ నిజమైనవే. లోకమంతా కంప్యూటర్‌లో పుట్టిన సినిమాకు అదనపు నెలలిస్తే రెండర్ నునుపు తేలుతుంది గానీ, షూటింగ్ రోజు కుదిరిన కదలికా, వెలుతురు దిశా మారవు. పునాది వంకర పోయిన ఇంటికి రంగులు వేసినట్టే.

దీనికి ఆర్టిస్టులను తిట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరి 24న ఆ సినిమా గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. అప్పటికి దాదాపు రెండు వారాల ముందే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. షాట్‌కు ఇంతని రేటు ముందే ఒప్పుకుంటారు, ఎన్నిసార్లు మార్చమన్నా ఆ ఖర్చు చాలావరకు చేసేవాళ్ల నెత్తినే పడుతుంది. ప్రపంచంలోకెల్లా మంచి పులిని చేసినా ఆ లెక్క ముందు నిలవలేదు.

బాగా కుదిరిన దానికి ఉదాహరణ వెతకడానికి దూరం పోనక్కర్లేదు. 2012లో 'ఈగ'. దానికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది. ఈగకు మాటల్లేవు, మనిషి మొహమూ లేదు. మనిషి మొహం చేయబోతేనే కన్ను తప్పులు పట్టుకుంటుంది, ఈగ మొహం ఎలా ఉండాలో మనకేం తెలుసు? అన్నిటికంటే ముఖ్యం, లేని ఈగను చూసి విలన్ వేషం కట్టిన సుదీప్ ఉలిక్కిపడ్డ తీరు. ఆ ఈగలో సగం ఆయన కళ్లలోనే ఉంది. ఎదుటివాడు భయపడకపోతే 20 మీటర్ల రాక్షసుడైనా తేలిపోతాడు.

త్రీడీ టికెట్ కొనేవాళ్లకు ఒక్క మాట. తెర వెలుగును ఫుట్‌లాంబర్ట్‌లలో కొలుస్తారు. టూడీకి ప్రమాణం 14, త్రీడీలో కళ్లజోడు దాటి కంటికి చేరేది చాలా చోట్ల నాలుగున్నరకు అటూ ఇటూ. రాత్రి యుద్ధం ఉన్న సినిమాను అలా చూస్తే మసే కనిపిస్తుంది. పాపం, బాగా చేసిన షాట్‌కు కూడా అదే శిక్ష.

ఇప్పుడు ముందు వరుస లైట్లు ఆర్పేయండి. ఈ ప్రసంగం కోసమే చేసిన చిన్న క్లిప్ మూడు రకాలుగా వేస్తాం, ఒకే రాక్షసుడు, ఒకే దూకుడు. మొదటిది 20 ఫ్రేముల్లో, రెండోది 48లో, మూడోది 48లోనే, పాదం కింద నీడతో. సౌండ్ పెట్టడం లేదు, బరువు లేనిచోట బరువు ఉందని నమ్మించేది అదే. రాక్షసుడి మొహం చూడకండి. తెర కింది అంచు నుంచి నాలుగో వంతులో, అదిగో, ఆ కుడి మడమ మీద కన్నుంచండి.