గ్యాసు డాక్టరు గారి బోర్డు

అందరికీ నమస్కారం. మన గుంటూరు కొత్తపేటలో తిరిగేవాళ్లు ఈ బోర్డు చూసే ఉంటారు: గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్. ఆమధ్య అలాంటి బోర్డు కిందే ఒక పెద్దావిడ నన్నాపి, "గ్యాసు డాక్టరు గారు ఇక్కడేనా బాబూ?" అని అడిగింది. ఇక్కడేనమ్మా అన్నాను. ఆవిడ మాటను విరిచిన చోటు తప్పు. చేరిన చోటు మాత్రం ఒప్పే!

నిజానికి ఆ మాటలో గ్యాసు లేదు. గ్రీకులో 'గస్టేర్' అంటే పొట్ట, 'ఎంటెరాన్' అంటే పేగు. చివరి 'ఆలజిస్ట్' ఆ శాస్త్రం తెలిసినవారు. గ్యాస్ అనే మాట పుట్టుకే వేరు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త గ్రీకు 'ఖావోస్' మాటను చూసి దాన్ని తయారుచేశాడు.

అర్థం చూసి విడదీస్తే ఇలా వస్తుంది. నోరు అలా విడదీయదు. గ్యాస్, ట్రో, ఎన్, ట, రా, ల, జిస్ట్ అని ఏడు ముక్కలు చేస్తుంది. 'ఎంటర్' చివరి రకారం జారిపోయి పక్క అచ్చుతో కలిసి 'రా' అయింది. మనకిది కొత్తేం కాదు. రామాలయం అన్నప్పుడు 'మా' రాముడిదా, ఆలయానిదా? ఇద్దరిదీ.

ఇక ఊనిక, అంటే మాటలో ఒక ముక్కను నొక్కి పలకడం. ఒత్తు అందామంటే బడిపిల్లలు 'ఖ' వైపు చూస్తారు, అందుకని ఊనిక అంటున్నాను. ఈ మాటలో గట్టి ఊనిక 'రా' మీద, అంటే చివరి నుంచి మూడో ముక్క మీద పడుతుంది. మొదటి, మూడో ముక్కల మీద తేలిక ఊనిక. ఇంగ్లీషు నిఘంటువులో గట్టి ఊనిక ఉన్న ముక్కకు ముందు పైన చిన్న నిలువుగీత పెడతారు, తేలికదానికి కింద పెడతారు. తమాషా ఏమిటంటే, ఆ 'రా'లోని అచ్చుకు సొంత అర్థమే లేదు. రెండు గుడ్డముక్కల్ని కలిపే టాకా లాంటిది. బరువంతా టాకా మీదే! బయాలజీ, కార్డియాలజిస్ట్ కూడా అంతే. వీటిలో మనం దీర్ఘం సరిగ్గా అక్కడే రాస్తున్నాం. ఫొటోగ్రఫీ దగ్గరే దొరికిపోతాం. ఇంగ్లీషువాళ్లు 'ఫటాగ్రఫీ' అని 'టా' నొక్కుతారు, మనం ఫొటోను అలాగే ఉంచి గ్రఫీ తగిలిస్తాం.

సరే, ఇప్పుడు అందరూ నాతో అనండి. ఐదో ముక్కకి బల్ల చరవాలి, వెనక వరుసవాళ్లు కూడా. గ్యాస్, ట్రో, ఎన్, ట...