పడవ నీళ్లు తాగిందా, అల్లుడూ?

నమస్తే అండి. వెనకాల కనిపిస్తున్నది సముద్రం కాదు, మా కృష్ణమ్మే. కొల్లాపూర్ దాటి సోమశిల రేవుకు వచ్చాం. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండుగా ఉన్న ఏడాది ఇక్కడ ఏరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి అందదు. అవతలి ఒడ్డు నంద్యాల జిల్లా. ఎండాకాలంలో నీళ్లు దిగితే బయటపడే సంగమేశ్వరాలయం ఆ వైపే ఉంది. ఇప్పుడు జనవరి కాబట్టి స్వామి ఇంకా నీళ్లలోనే ఉన్నాడు.

సెలవులకు వచ్చినప్పుడల్లా సకినాలూ పెళ్లిళ్లూ చూపిస్తాను కదా, ఈసారి ఒక తలనొప్పిని వెంట తెచ్చుకున్నాను. ఫ్లోరిడాలో మా ఇల్లు టాంపా దగ్గర. అక్కడ ఒక పాత ఫైబర్ బోటు చూశాను. 28 అడుగులది, సముద్రంలో గాలం వేసి పెద్ద చేపలు పట్టే రకం. బయానా ఇచ్చాను, కానీ సర్వేలో, అంటే కొనేముందు నిపుణుడు పడవను పరీక్షించి చూసినప్పుడు, తేడా వస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలని రాయించుకున్నాను. సర్వేయరు రిపోర్టు నిన్న రాత్రి ఫోనుకు వచ్చింది. కొనాలో వద్దో ఈ వారంలో తేల్చాలి. మా ఆవిడ తన తీర్పు ఎప్పుడో చెప్పేసింది, అది ఇక్కడ వినిపించను.

ఇదిగో, పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవను, బోర్లించి కూర్చున్న ఈయన మా మేనమామ. నలభై ఏళ్లుగా ఈ నీళ్లలో వల వేస్తున్నాడు. ఫోటోలన్నీ చూపించాను. తెల్లగా మెరిసే పడవ, పైన నిచ్చెన ఎక్కి నిలబడే టవరు, వెనక భాగంలో మధ్యన బార్బర్ షాపు కుర్చీలా ఒకటి. మామ అన్నీ ఓపికగా చూసి ఒక్కటే అడిగాడు. "పడవ నీళ్లు తాగిందా, అల్లుడూ?"

అసలు ప్రశ్న అదేనండి. ఇంజన్ల గురించీ రంగు గురించీ నన్ను అడగనివాళ్లు లేరు, ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

ఫైబర్ కుళ్లదు. అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట ఇదే, అందులో అబద్ధం లేదు. గాజు పోగుల బట్టను రెజిన్‌లో తడిపి, అచ్చులో పొర మీద పొర వేసి గట్టిపరుస్తారు. కానీ ఇలాంటి పాతకాలపు పడవల్లో చాలావాటికి ఆ పొరల మధ్య చెక్క ఉంటుంది. మనం నడిచే డెక్కులో ప్లైవుడ్డో బాల్సా చెక్కో, వెనుక గోడలో ప్లైవుడ్డు, అడుగున ముందు నుంచి వెనక దాకా పోయే దూలాల్లో మళ్లీ చెక్క. బరువు పెరగకుండా బిగువు రావడానికి అలా చేశారు. ఆ చెక్కలోకి ఒకసారి నీళ్లు దిగితే బయటికి దారి ఉండదు. పైన అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, లోపల తడిసిన అటుకులై కూర్చుంటుంది.

వేట పడవకు ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే దానికి ఒంటినిండా చిల్లులే. గాలపు కర్రలు నిలబెట్టే గొట్టాలకు చిల్లులు, టవరు కాళ్లకు చిల్లులు, పక్కలకు చాచే పొడవాటి కమ్మీలకు చిల్లులు. ఆ బార్బర్ కుర్చీని ఫైటింగ్ చైర్ అంటారు. మనిషి అందులో కూర్చుని పెద్ద చేపతో గంటల తరబడి గుంజులాడతాడు, ఆ గుంజుడంతా కుర్చీ కింది బోల్టుల మీదే పడుతుంది. చుట్టూ పూసిన సీలెంటు ఏళ్లు గడిచి ఎండి పగిలిందంటే ఇక ప్రతి వానా లోపలికే.

ఊరికి బయలుదేరే ముందు శనివారం నేనూ స్వయంగా వెళ్లి చూశాను. మొదట వెనుక గోడ మీద కుడి పక్కన చెక్కిన నంబరు చూశాను. అమెరికాలో 1972 నవంబరు తర్వాత తయారైన ప్రతి బోటుకూ పన్నెండు అక్షరాల గుర్తింపు ఉండాలి. ఈ పడవకు చివరి రెండంకెలు 86. అంటే 1986 మోడలు, కాగితాలతో సరిపోయింది. తర్వాత ఇంజన్ మీద అరచేయి పెట్టాను. వెచ్చగా ఉంది. చల్లగా ఉన్న ఇంజన్ ఎలా అందుకుంటుందో, ఏ రంగు పొగ వదులుతుందో చూడాలని నేను వెళితే, యజమాని ముందే నడిపి వేడి చేసి పెట్టాడు. మర్యాదకే చేశాడేమో. నేను మాత్రం పుస్తకంలో రాసుకున్నాను.

ఆపైన రెండు గంటలు మోకాళ్ల మీదే గడిచాయి. చేతిలో చిన్న ప్లాస్టిక్ సుత్తి. అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేది కదా, అదే విద్య. డెక్కు మీద జానెడు దూరానికి ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోయాను. టక్, టక్, టక్. కుర్చీకి మూరెడు దూరం వచ్చేసరికి ఆ చప్పుడు పోయి తడి గోనెసంచిని కొట్టినట్టు 'దబ్' అంది. సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ చుట్టూ తిరిగాను. పూర్తయ్యాక లేచి చూస్తే కుర్చీ చుట్టూ ముగ్గు వేసినట్టుంది, పెద్ద విస్తరంత. మిగతా డెక్కంతా కంచులా మోగింది. వెనుక గోడ కూడా బాగానే పలికింది. అడుగున, నీళ్లలో మునిగే చోట, అక్కడక్కడా చిన్న బొబ్బలున్నాయి. వాటిని గుచ్చితే పుల్లటి వాసనతో నీరు కారుతుంది. చూడటానికి భయంగా ఉన్నా పడవ ప్రాణం తీసేవి కావు.

సర్వేయరు రిపోర్టూ దాదాపు ఇదే చెప్పింది. పడవను పైకెత్తించి, తేమ మీటరు పెట్టి చూశాడు. అప్పుడే నీళ్లలోంచి తీసిన పడవ మీద మీటరు ఎక్కువ చూపిస్తుంది, అంకెను గుడ్డిగా నమ్మవద్దని తనే రాశాడు. ఆ మాటతో ఆయన మీద నా నమ్మకం పెరిగింది. కొత్త సంగతి ఒకటుంది. డెక్కు కింద ఉన్న అల్యూమినియం పెట్రోలు ట్యాంకు మొదటిదే, ఇన్నేళ్లుగా మార్చలేదు. దాన్ని తీయాలంటే డెక్కు కోయాల్సిందే.

ఇది చదివి వినిపించి, "రెండు ఖర్చులు మామా, ఇక వదిలేస్తాను" అన్నాను.

మామ నవ్వాడు. "రెండెలా అవుతాయి? పెంకులు దించినప్పుడే కదా వాసాలు మార్చుకునేది. ఆ ట్యాంకు కోసం పైకప్పు ఎలాగూ కోస్తారు. తడిసిన ముక్క కూడా అప్పుడే పోతుంది."

అమెరికాలో ముగ్గురు స్నేహితులు, ఒక బ్రోకరు, లెక్కలేనన్ని వీడియోలు చెప్పనిది ఆయన బీడీ ఆర్పేలోగా చెప్పాడు. ఆ ఖర్చు తగ్గించి బేరం ఆడవచ్చు. నేను అప్పటికే ఫోను తీసి లెక్క వేస్తున్నాను.

"ఆగు. వాసాల కింద దూలం సంగతి ఏమిటి?" అన్నాడు.

ఇక్కడ కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను, చూడండి. మామ పుట్టిని ఎలా చూస్తాడంటే, వెదురు బుట్టను ఒక అంచు మీద నిలబెట్టి, తాను లోపలి వైపు దూరి, ఎండకు ఎదురుగా పట్టుకుంటాడు. తారు పూసిన పట్టాకు ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ చీకట్లో చుక్క మెరుస్తుంది. ఇవాళ మూడు చుక్కలు. కాచిన తారు కర్రపుల్లతో అద్దాడు, చుక్కలు మాయం. పని అయిపోయింది. "నీ పడవను ఎండకు పట్టుకోలేవు కదా. మరి దూలం లోపల ఎలా చూస్తావు?"

ఇంజన్లు కూర్చునేది ఆ దూలాల మీదే. వాటిలోకి దిగిన బోల్టు ఒకటి విప్పి చూస్తే లోపలి సంగతి బయటపడుతుంది. కానీ అది యజమాని ఒప్పుకుంటేనే. సర్వేయరుకు మెసేజ్ పెట్టి, మేము రవ్వ చేప పులుసుతో అన్నం తిని పడుకున్నాం.

వాళ్లకు సాయంత్రం అంటే మనకు తెల్లవారుజాము. ఫోటో వచ్చేసరికి మామ అప్పటికే రేవులో ఉన్నాడు. యజమాని ఒప్పుకున్నాడు, అది ఆయన మంచితనమే. తెల్లని గుడ్డ మీద వేలెడంత బోల్టు. తల దగ్గర మరలు మెరుస్తున్నాయి. కింది సగానికి నల్లటి ముద్ద అంటుకుని ఉంది, కాఫీ పొడి తడిసినట్టు.

మామ ఫోనును వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "వాసన ఎలా ఉందట?"

ఫోనులో వాసన రాదు మామా అనబోయి, సర్వేయరునే అడిగాను. నిమిషంలో జవాబు వచ్చింది. పాత తడి గోనెసంచి వాసనట.

"వద్దు" అన్నాడు మామ. ఫోను నా చేతిలో పెట్టి పుట్టిని నీళ్లలోకి తోశాడు.

బయానా వెనక్కి పంపమని అక్కడే నిలబడి బ్రోకరుకు రాశాను. ఆ తర్వాత తెడ్డు నా చేతికిచ్చాడు. ఇరవై నిమిషాలు తిప్పాను. పుట్టి గుండ్రంగా తిరిగింది తప్ప ముందుకు పోలేదు, అది కూడా రికార్డు అయింది.